గున్నేశ్వరరావుగారు కూలబడిన రోజు

నేను ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని. అచ్చులో పుట్టాను. చల్లారీ చల్లారకముందే నన్ను ఊడదీసి తోటి కుర్చీల నెత్తిన పేర్చారు. సామర్లకోటలో టెంటు సామాన్లు అద్దెకిచ్చే సత్తిరాజు కొనుక్కొచ్చాడు. అది మొదలు పెళ్ళిళ్ళు, దినాలు, సన్మానాలు. భోజనాల దగ్గర నాకోసం కొట్టుకున్న పెద్దమనుషులే, ఉపన్యాసం మొదలవగానే నన్ను ఖాళీగా వదిలేసి పరారయ్యేవారు.

ఓ వేసవిలో ఐటీఐ ఆవరణలో అప్రెంటిస్ మేళా పెట్టారు. కంపెనీలవాళ్ళు బల్లలు వేసుకుని కూర్చుంటారు. పిల్లలు వెళ్ళి ముఖాముఖి మాట్లాడుకోవచ్చు. పంపుల కంపెనీ మేనేజరు గున్నేశ్వరరావుగారు నా వాటాకొచ్చారు. నిండైన మనిషి. ఆయన కూర్చోగానే నా వెనక కాలు కిర్రుమంది. మైకు మోతలో ఎవరికీ వినబడలేదు.

వరుసలో లోవలక్ష్మి అనే అమ్మాయి నిలబడింది. ఫిట్టరు చదివింది. "ఫోన్లో ఎన్నిసార్లు అప్లికేషన్ పెట్టానే, ఒక్కళ్ళూ పలకలేదు. ఇయ్యాల కూడా దొరక్కపోతే జీడిపప్పు ఫ్యాక్టరీకి పొమ్మన్నాడు మా నాన్న" అని పక్కపిల్లతో చెబుతోంది.

తన వంతు వచ్చింది. పేరు మాత్రం చెప్పి, కాగితాలు బల్లమీదకు తోసింది.

"సరేనమ్మా, కబురు చేస్తాం" అన్నారాయన.

లోవ రెండడుగులు వేసి, గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఆ కబురు రాదండీ! ఎప్పుడూ రాలేదు. మొహం చూసి మాట్లాడదామనే వచ్చానండి. ఒక్క మాట అడగనివ్వండి. మీ వర్క్‌షాపులో ఆడపిల్లలున్నారాండీ?"

"ఒక్కరూ లేరమ్మా."

"అయితే మొదటిదాన్ని నేనేనండి!"

ఆయనకు పకపకా నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పూర్తిగా వెనక్కి వాలారు. అంత సంతోషాన్ని నేను మోయలేకపోయాను. ఫట్! కాలు విరిగింది. మేనేజరుగారు నేలమీద, ఆయన కాళ్ళు ఆకాశంలో.

లోవ ఫక్కున నవ్వేసింది. వెంటనే నోరు మూసుకుంది. అయిపోయింది, జీడిపప్పే గతి అనుకుని ఉంటుంది. అయినా ఒక్క గెంతులో బల్ల దాటి, ఆయన చంకల కింద చేతులేసి, "ఊఁ, పట్టుకోండి" అని లేవనెత్తింది.

ఆయన దుమ్ము దులుపుకున్నారు. "మా పంపులు బరువమ్మా, ఎత్తగలవా అని అడుగుదామనుకున్నాను. ఇంక అక్కర్లేదు" అన్నారు ఆయాసపడుతూ. తరవాత కుర్చీ లేదు గనక ఇద్దరూ నిలబడే చాలాసేపు మాట్లాడుకున్నారు. లోవ గొంతు ఇప్పుడు ఎక్కడా ఆగలేదు. చివరికి ఆయన, "సోమవారం వచ్చి చేరిపో" అన్నారు.

నన్ను గోడవారనున్న తుక్కులోకి విసిరేశారు. కరిగించి బకెట్టు చేస్తారట, చేసుకోనివ్వండి. ఆ గోడ పక్కనే లోవ గెంతుతూ ఫోన్లో అరుస్తోంది:

"అమ్మా! దొరికిందే! నేను అడిగానా, ఆయన పడిపోయారే! … ఛ, నా మాటలకి కాదే, కుర్చీలోంచి!"