రెండుసార్లు నొక్కిన చెయ్యి

నేను ఒక రబ్బరు బంతిని. ఆటబంతిని అనుకునేరు! నన్ను ఎగరేసి ఆడుకున్నవాళ్ళు ఎవరూ లేరు. అచ్చులో పోసి, తోకలా ఒక గొట్టం తగిలించి, కాకినాడలోని ఒక ఆసుపత్రిలో మెదడు ఫొటోలు తీసే పెద్ద యంత్రం పక్కన వేలాడదీశారు. లోపల పడుకున్న మనిషికి భయమేస్తే నన్ను నొక్కాలి. నా కడుపులో గాలి పోయి బయట గంట మోగుతుంది. అంతే నా చదువు.

డాక్టర్ మాలిని మతిమరుపు జబ్బు మీద పరిశోధన చేస్తానని అడిగినప్పుడు, అది తప్పో ఒప్పో తేల్చే ఎథిక్స్ కమిటీ నన్ను కూడా బల్ల మీదికి పిలిపించింది. పెద్దలందరూ నన్ను నొక్కి చూసి చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. నవ్వనిది సుభద్రాయమ్మగారొక్కరే. ఆవిడ డాక్టరు కాదు, ఫొటో స్టూడియో నడుపుతారు. మామూలు జనం తరఫున మాట్లాడటానికి కమిటీలో వేశారు.

"పొద్దున సరేనన్న మనిషికి లోపలికెళ్ళేసరికి ఆ సంగతే గుర్తుండకపోవచ్చు కదండీ. బంతి నొక్కితే ఆపెయ్యాలి. బతిమాలి మళ్ళీ పంపకూడదు, ఇంట్లోవాళ్ళు పంపమన్నా సరే," అన్నారావిడ. అందరూ ఒప్పుకున్నారు. నాకూ గర్వమేసింది, దాచడమెందుకు!

మొదట వచ్చినవాడు గంగరాజు, సినిమాహాల్లో రీళ్ళు తిప్పిన మనిషి. భార్య వరహాలమ్మ ఎవరో మరచిపోయి ఏడాదైంది.

"ఆ ఫొటోలో నేనెక్కడైనా కనపడతానాండీ?" అని అడిగిందామె. జ్ఞాపకాలు ఫొటోలో కనపడవని మాలిని ఎంత చెప్పినా, తల ఊపిందే గాని నమ్మలేదు.

యంత్రం మోత మొదలైంది. గంగరాజు చెయ్యి నన్ను వెతుక్కుని మెత్తగా రెండుసార్లు నొక్కింది. భయపడ్డ చేతులు నాకు తెలుసు. అవి పీక నులిమినట్టు నొక్కుతాయి. ఇది అలాంటిది కాదు. గంటకు ఆ తేడా తెలియదు. యంత్రాన్ని ఆపేశారు.

"రెండుసార్లు నొక్కారమ్మా. భయపడ్డట్టున్నారు," అంది మాలిని.

వరహాలమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "భయం కాదండీ. హాల్లో కరెంటు పోతే, చీకట్లో నా చెయ్యి పట్టుకుని అలాగే రెండుసార్లు నొక్కేవోరు, ఉన్నావా అని. నేను తిరిగి నొక్కేదాన్ని. ఇంకొక్కసారి పంపండమ్మా, మీకు పుణ్యముంటాది."

మాలిని కళ్ళు తుడుచుకుంది గాని పంపలేదు. తర్వాత కమిటీ ముందు ఈ మాట పెట్టింది. "భయం కాదని ఆయన నోటితో ఆయన చెప్పగలిగితే పంపుదాం," అన్నారు సుభద్రాయమ్మగారు. గంగరాజు మళ్ళీ నా దగ్గరికి రాలేదు. తప్పు ఆవిడదని నేననను.

ఇప్పుడు నేను బీటలు వారి బీరువాలో పడి ఉన్నాను. ఆ రోజే తలపుకొస్తుంది. బయటికొచ్చిన గంగరాజు, ఏడుస్తున్న భార్యను చూసి, "తమరెవరండీ? ఎందుకేడుస్తున్నారు?" అన్నాడు.

లోపల మాత్రం, ఉన్నావా అని ఆమెనే అడిగాడు. నొక్కాక నన్ను వదల్లేదు, జవాబు కోసం అలాగే పట్టుకుని ఉన్నాడు. తిరిగి నొక్కడానికి నాకు చెయ్యి లేదు.