మొదటి నంబరు

సకినాల పిండి తన ముందుకు వచ్చినప్పుడే పద్మలతకు అర్థమైంది, సోలాపూర్ పెళ్లికి తాను కూడా వెళ్తోందని. రమ్మని ఎవరూ అనలేదు. వద్దనీ అనలేదు. అత్తమ్మ సారలమ్మ వంటింట్లో తెల్లటి గుడ్డ పరిచి, తడిపిండిలో నువ్వులూ వామూ కలిపి, "జర కూసో పద్మా, నీ చుట్టు సన్నగొస్తది" అంది. ఫలానా పని నీ చేతిలో బాగుంటుందని ఎవరైనా మెచ్చుకుంటే ఆ పని ఇక చచ్చేదాకా నీదేనన్న సంగతి, మట్టెవాడలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి ఏడాదే పద్మలత తెలుసుకుంది. కుడిచేతి వేళ్ల మధ్య పిండిని మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు తిప్పుతూ కూర్చుంది. ఎడమ చేయి ఒళ్లో పెట్టుకుంది. డయాలసిస్ సూదుల కోసం ఆ చేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే చర్మం కింద ఏదో మరమగ్గం ఆగకుండా ఆడుతున్నట్టుంటుంది. ఆ చేత్తో బరువులెత్తకూడదని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినా, నీళ్ల బిందె పొయ్యి దగ్గరికి మోయాల్సి వచ్చేసరికి ఎవరూ కనిపించరు.

పెళ్లి సుకన్య కూతురిది. సుకన్య పద్మలత భర్త సుదర్శన్‌కు చెల్లెలు. ఆమె అత్తగారివైపు వాళ్లు తాతల కాలంలోనే నేతపని వెతుక్కుంటూ సోలాపూర్ పోయి అక్కడే స్థిరపడ్డారు. సారె వరంగల్ నుంచి వెళ్లాలి, సకినాలూ గరిజలూ పుట్టింటివాళ్లే చేయాలి. అంటే పద్మలత చేయాలి.

పొద్దున సుదర్శన్ టిఫిన్ తింటున్నప్పుడు ఆమె మెల్లగా అడిగింది, మరి ఫోనొస్తే ఎట్లా అని. ఆయన తల ఎత్తలేదు. నాలుగు రోజుల్లో ఏం ఫోనొస్తుందనీ, సోలాపూర్‌లోనూ డయాలసిస్ సెంటర్లున్నాయనీ, సుకన్య మొగుడు ఇప్పటికే మాట్లాడి పెట్టాడనీ అన్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. అనడానికి కూడా కొంత బలం కావాలి. ఆ బలం ఆమెకు వారంలో మూడు రోజులు మిషన్ మీదా, మిగిలిన రోజులు మిషన్ తెచ్చిన నీరసంలోనూ పోతోంది.

ఆ ఫోను కోసమే రెండేళ్లకు పైగా ఎదురుచూస్తున్నారు. హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రిలో కిడ్నీ కోసం పేరు రాయించారు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కిడ్నీ సరిపడేది దొరికితే ఫోన్ చేస్తారు. నాలుగు గంటల్లో అక్కడ ఉండాలి. నిజానికి పేరు రాయించకముందు డాక్టరు ఇంకో మాట అన్నాడు. భార్యాభర్తలిద్దరిదీ ఒకటే బ్లడ్ గ్రూప్ గదా, మీ కిడ్నీ ఇచ్చేందుకు పరీక్షలు చేయించుకుంటారా అని సుదర్శన్‌ను అడిగాడు. ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే సారలమ్మ చేతిలోని చాట కింద పెట్టేసి, "సంపాయించే మొగోన్ని కోయిస్తరా?" అంది. ఆ తర్వాత ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. పద్మలత కూడా ఎత్తలేదు. అడిగి ఇప్పించుకునే వస్తువా అది? కానీ డయాలసిస్ సెంటర్లో మంచం మీద పడుకుని నాలుగేసి గంటలు చూసేదానికి ఏముంటుంది, పక్క మంచాలు తప్ప. మగవాళ్లు ఒక్కొక్కరే ఆ మంచాలు దిగి వెళ్లిపోవడం ఆమె చూసింది. ఒకరికి భార్య ఇచ్చింది, ఒకరికి తల్లి, ఒకరికి అక్క. ఆడవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి అవే మంచాల మీద ఉన్నారు. ఎవరూ ఆ మాట పైకి అనరు. నర్సు సూది తీసి దూది పెట్టి నొక్కితే, తమ చేతిని తామే పట్టుకుని లేచి ఇంటికి వంట చేయడానికి పోతారు.

సుబేదారిలో తాను పని చేసే ప్రైవేటు స్కూల్లోనూ అంతే. పదో తరగతికి సైన్సు చెప్పే మనిషిని, వారానికి మూడు పూటలు లేకపోతే పిల్లలు నష్టపోతారని, సగం జీతానికి లైబ్రరీలో కూర్చోబెట్టారు. మీ ఆరోగ్యం కోసమే మేడం అన్నాడు కరెస్పాండెంటు. అందరూ ఆమె ఆరోగ్యం కోసమే అంటారు.

ఆ స్కూల్లో లెక్కలు చెప్పే కళావతి కాజీపేటలో ఉంటుంది. పోయిన దసరా సెలవుల్లో టీచర్లంతా కలిసి విశాఖపట్నం, అరకు పోదామనుకున్నప్పుడు పద్మలతను కూడా లెక్కలో వేసుకుంది. విశాఖలో ఎక్కడ డయాలసిస్ చేయించుకోవచ్చో తనే ఫోన్లు చేసి కనుక్కుంది. పద్మలతకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏ పెళ్లీ లేదు, చావూ లేదు, మొక్కూ లేదు. ఊరికే చూడటానికి పోవడం. ఆమె పుట్టి బుద్ధెరిగాక అట్లా ఎక్కడికీ పోలేదు. ఇంట్లో అడిగితే సుదర్శన్ నిజంగా భయపడ్డట్టే చూశాడు. "నువ్వు రైల్ల ఉన్నప్పుడు ఫోనొస్తే ఏం జేస్తవు? ఇన్నొద్దులు కాసుక కూసున్నదంత మట్టిపాలైతది" అన్నాడు. పాణం బాగలేని మనిషికి షికార్లేందని అత్తమ్మ గొణిగింది. కళావతికి రానని చెప్పేసింది. వాళ్లు అక్కడినుంచి పంపిన ఫోటోలు మిషన్ మీద పడుకుని ఒక చేత్తో చూసుకుంది. బాధ అనిపించినా, లోపల ఏ మూలో కొంచెం సంతోషం కూడా కలిగింది. నా గురించి భయపడే మనిషి ఒకడున్నాడు అనుకుంది.

సోలాపూర్‌లో పెళ్లిల్లు ఇరుకు, చుట్టాలు ఎక్కువ. సుకన్య వచ్చి, "వదినె ఉంటే నాకు ఫికరే లేదు" అని చేతులు పట్టుకుంది. ఆ మాటతో వంటింటి తాళంచెవి పద్మలత చేతికొచ్చింది. టీలు, ఉప్మాలు, వచ్చేవాళ్లకు చెంబుతో నీళ్లు. ఆమె రోజుకు ఒక లీటరు మించి నీళ్లు తాగకూడదు. అందులోనే మందులు, అందులోనే చారు, మజ్జిగ. పొయ్యి సెగ దగ్గర నాలుక పిడచగట్టుకుపోతుంటే గ్లాసుల్లో నీళ్లు పోసి అందరికీ అందించింది. మధ్యలో ఒకపూట సుకన్య భర్త బండి మీద డయాలసిస్‌కు తీసుకుపోయి దించాడు. వచ్చేటప్పుడు ఆటోలో తనే వచ్చింది. కాళ్లు వణుకుతుంటే తలుపు పట్టుకుని నిలబడ్డదాన్ని చూసి ఎవరో, కొత్తిమీర ఎక్కడ పెట్టినవు అని అడిగారు.

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం మేడ మీద ఆడవాళ్లంతా కూరగాయలు తరుగుతున్నారు. సుదర్శన్ పిట్టగోడ దగ్గర ఫోన్ మాట్లాడుతూ అటూ ఇటూ తిరిగాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత కిందికి పోయి, సగం గ్లాసు టీ పట్టుకొచ్చి అందరి ముందూ ఆమె చేతికిచ్చాడు. "జర సేపు కూసో. అలిసిపోయినవ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పద్మలతకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల కాపురంలో నలుగురి ముందు ఆయన తన అలసటను గుర్తించడం అదే మొదటిసారి. ఆ టీ తన లీటరు లెక్కలోకి వస్తుందని తెలిసీ, చివరి చుక్క దాకా తాగింది.

తిరిగొచ్చాక నెల రోజులు కోలుకోలేదు. కాళ్ల వాపు, ఆయాసం. ఆ తర్వాత రక్తపరీక్షకు హైదరాబాద్ ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. సుదర్శన్ ఆఫీసుకు సెలవు పెట్టి తోడొచ్చాడు. ఆయన మందుల కోసం కింది షాపులో క్యూలో నిలబడ్డప్పుడు, కిడ్నీ మార్పిడి పేర్లు చూసే స్వప్న అనే అమ్మాయి పద్మలతను లోపలికి పిలిచింది. రెండేళ్లలో ఆ అమ్మాయితో ఒంటరిగా కూర్చోవడం అదే మొదలు. ఎప్పుడూ సుదర్శనే మాట్లాడేవాడు.

"ఇప్పుడన్న ఊళ్లె ఉంటరా మేడం?" అంది స్వప్న నవ్వుతూనే. "మొన్న మీ ఇంటి పెండ్లి రోజులల్ల మస్తు బాధనిపించింది నాకు. కిడ్నీ ఒకటి వచ్చింది, మీ పేరే ముందుండె. అన్ని కలిసినయి."

పద్మలతకు ఆ మాటలు వినిపించాయి గానీ, ఎవరో పక్క మంచం మనిషి గురించి చెప్తున్నట్టుగా వినిపించాయి. ఏ రోజని అడిగింది. స్వప్న చెప్పింది. మేడ మీద కూరగాయలు తరిగిన మధ్యాహ్నం.

మిగతాది కూడా ఆ అమ్మాయే చెప్పింది, ఈమెకు తెలిసిందే గదా అనుకుంటూ. సర్ సోలాపూర్‌లో ఉన్నామన్నారట. వెంటనే కారు మాట్లాడుకొని బయల్దేరండి, గంటా రెండు గంటలు ఆలస్యమైనా డాక్టరు గారితో నేను మాట్లాడతానంటే, కనుక్కొని చెప్తానని పెట్టేశాడట. మళ్లీ చేస్తే ఎత్తలేదట. కాసేపటికి, వేరేవాళ్లకు ఇచ్చేయండని మెసేజ్ పెట్టాడట.

"ఊరికి పోతే తప్పు గాదు మేడం" అంది స్వప్న. "పేషెంట్లు పోవద్దా ఏంది? ముందుగాల ఒక్క మాట చెప్తే, ఆ నాలుగు రోజులు మీ పేరు పక్కకు పెడ్తం. వచ్చినంక మళ్ల కలుపుతం. మీ సీనియారిటీ ఎటు పోదు. మొదటి రోజే చెప్పిన గదా సర్‌కు."

మొదటి రోజే. అంటే అరకు పోవచ్చు. ఎప్పుడైనా పోవచ్చు. ఒక్క మాట చెప్తే చాలు. ఆయనకు తెలుసు. తెలిసే ఆ రోజు అంత భయపడ్డట్టు చూశాడు. ఆ భయాన్ని చూసి తాను మురిసిపోయింది. మురిసిపోయిన ఆ పద్మలత మీద ఇప్పుడు ఆమెకు జాలి కలిగింది, లైబ్రరీ మూలన ఏడుస్తూ దొరికే చిన్నపిల్లల మీద కలిగినట్టు. కోపం రావాలని చూసింది. రాలేదు. కోపానికి కూడా మంచి రక్తం కావాలేమో.

"మరి అది ఎవరికిచ్చిండ్రు?" అని అడిగింది.

పేరు చెప్పకూడదంది స్వప్న. బాగానే ఉన్నారు, ఇంటికి కూడా పోయారంది. ఎందుకో ఆ మాటకు పద్మలతకు కొంచెం ఊపిరాడింది. కనీసం అది వృథా కాలేదు. ఎక్కడో ఎవరో గటగటా నీళ్లు తాగుతున్నారు.

తర్వాత తమ నంబర్లు ఏమున్నాయో చూడమంది. మొదటిది సుదర్శన్ సెల్లు, రెండోది సుదర్శన్ ఆఫీసు. తన నంబరు ఎక్కడా లేదు. "మొదటిది నాది రాయమ్మా" అంది. స్వప్న రాసుకుంది. రెండోది అట్లనే ఉంచాలా అని అడిగింది. పద్మలత ఒక్క నిమిషం ఆగమని చెప్పి వరండాలోకి వచ్చి కళావతికి ఫోన్ చేసింది. సంగతంతా చెప్పలేదు, చెప్పే ఓపిక లేదు. ఏదో ఒక రోజు నన్ను ఉన్నపళంగా హైదరాబాద్ తీసుకుపోవాల్సి రావచ్చు, వస్తావా అని మాత్రం అడిగింది. కళావతి ఎందుకని అడగలేదు. "క్లాసుల ఉన్నా సరే, కారు తీస్త" అంది. పద్మలత లోపలికి వెళ్లి ఆ నంబరు చెప్పింది.

బస్సు జనగామ దాటింది. సుదర్శన్ కునికిపాట్లు పడుతూ ఆమె ఎడమ భుజం మీదికి ఒరిగితే, చేయి నొక్కుకుపోకుండా తలను మెల్లగా అటువైపు జరిపింది. ఆయన లేచి కూర్చున్నాడు.

"సోలాపూర్ల మీకు దవాఖాన నుంచి ఫోనొచ్చిందట" అంది.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు. మొదట వచ్చిన మాట అదే. ఆయనే చెప్పుకొచ్చాడు. తెల్లవారితే పెళ్లి అన్నాడు. పిల్లను బుట్టలో ఎత్తుకుని రావాల్సిన మేనమామను, ఎట్లా లేచి వస్తానన్నాడు. చెల్లె ఏమనుకుంటుంది, అమ్మ ఏమంటుంది, నిన్ను ఒక్కదాన్నే ఎట్లా పంపిస్తానన్నాడు.

"నాకు చెప్పకపోతిరి."

"చెప్తే ఏం జేస్తుంటివి? ఏడుస్తుంటివి. పెండ్లింట్ల ఏడుపెందుకని ఊకున్న. నిన్ను బాధ పెట్టొద్దనే గదా."

"పోతుంటి" అంది పద్మలత.

ఆమె ఆయన ముఖం వైపు చూసింది. అబద్ధమాడుతున్న మనిషి ముఖంలా లేదు. తన మంచికే చేశానని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. ఇరవై రెండేళ్లు ఆ నమ్మకంతోనే కాపురం చేశాడు. దాన్ని ఆయన లోపలినుంచి పెరికి చూపించాలంటే ఎన్ని మాటలు కావాలో ఆలోచిస్తేనే ఆమెకు అలసట కమ్ముకొచ్చింది. ఆ పని తనది కాదనుకుంది. ఇంట్లో ఉన్నవాటిలో తనది కాని పని అంటూ ఒకటి ఉందని తోచడం కూడా కొత్తగానే ఉంది.

నంబర్లు మార్పించానని చెప్పింది. మొదటిది తనది, రెండోది కళావతిది. సుదర్శన్ గతుక్కుమన్నాడు. మొగుడుండగా బయటిమనిషి నంబరిస్తారా, ఆసుపత్రివాళ్లు ఏమనుకుంటారు అన్నాడు. రఘునాథపల్లి దగ్గర బస్సు ఆగి, ఎవరో దిగి, మళ్లీ కదిలింది. ఆయన గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టుగా అడిగాడు.

"సరే తీ. ఫోనొస్తే నాకు చెప్తవు గదా?"

పద్మలత కాసేపు నిజాయితీగా ఆలోచించింది.

"చెప్త" అంది. "బయలెల్లినంక చెప్త."