దొంగ బాబాయ్ పట్టు

తడిగుడ్డ పిండి, హాల్లో నేలంతా పరిచిన నీలం పరుపుల మీద అతను మోకాళ్లతో జరుగుతూ తుడుస్తున్నాడు. పరుపుకీ పరుపుకీ మధ్య అతుకుల్లో చెమట ఇంకి వాసన కొడుతుంది. అక్కడ గుడ్డను వేలితో లోపలికి తోసి తుడవాలి. బొటనవేలు వంగదు కాబట్టి చూపుడువేలితో తోస్తాడు.

కుడి బొటనవేలి మొదట్లో కణుపు అల్లం కొమ్ములా ఉబ్బి ఉంటుంది. మణికట్టు పట్టుకున్నవాడి పట్టులో బలహీనమైన చోటు బొటనవేలేనని, చెయ్యి అటువైపు తిప్పి లాగాలని, ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పే ఈ హాల్లో మొదటి రోజే చెప్తారు. ఇన్నేళ్లుగా వచ్చిన ఆడపిల్లలందరూ లాగింది ఆ వేలినే.

అతని పని అది. పొద్దున హాలు తుడుస్తాడు, పిల్లలు వచ్చాక దొంగవుతాడు. ఛాతీకి దళసరి కవచం, తలకు తోలు టోపీ తగిలించుకుని వెనకనుంచి వచ్చి పట్టుకుంటాడు. వాళ్లు విడిపించుకుంటారు, తోస్తారు, తంతారు. అందరికీ అతను దొంగ బాబాయ్. ఒకసారి బజార్లో ఒక పిల్ల ఎదురుపడి "దొంగ బాబాయ్, బాగున్నావా?" అని గట్టిగా పలకరిస్తే, కూరగాయలమ్మే ఆవిడ తూచడం ఆపేసి, అతని సంచీ వంక అదోలా చూసింది.

ఈరోజు గుడ్డ చాలాసేపటిగా ఒకే చోట తిరుగుతోంది. సాయంత్రం బస్సుకు కూతురు వెళ్లిపోతుంది.

వేరే ఊళ్లో పెద్ద ఆసుపత్రి, అందులో రక్తపరీక్షల గదిలో ఉద్యోగం. పని అయ్యేసరికి చీకటి పడుతుంది. పిల్ల ఉండబోయే హాస్టలు చూడటానికి అతనూ వెళ్లాడు. గది బాగానే ఉంది. గోడకు అల్మారా, కిటికీకి జాలీ, కింద బావ మరదళ్లలా పోట్లాడుకునే రెండు కుక్కలు. కానీ బస్సు దిగిన చోటునుంచి హాస్టలుదాకా ఒక సందు. ఒక పక్కంతా గోదాము గోడ, ఒక్క తలుపైనా లేని గోడ. దీపస్తంభాలున్నాయి, దీపాలు లేవు. సందు చివర ఆకుపచ్చ ఇనుపగేటు. తిరిగి వచ్చినప్పటినుంచి కళ్లు మూసుకుంటే ఆ గోడే కనిపిస్తోంది. ఎంత నడిచినా గేటు రాదు.

పొద్దున్నే పనికి వెళ్లిపోతూ భార్య కూతుర్ని గుమ్మంలో దగ్గరికి తీసుకుంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఆవిడకు సెలవు దొరకలేదు. చెప్పులు తొడుక్కుంటూ అతనికి మాత్రం వినబడేలా అంది.

"బస్సు దగ్గర ఏడవకు. నువ్వేడిస్తే అది దిగిపోతుంది. దాని సంగతి నీకు తెలుసు."

తెలుసు. చిన్నప్పుడు బడికి వెళ్తూ వీధి మలుపులో వెనక్కి తిరిగి చూసేది. అతను గుమ్మంలో నిలబడి కనిపిస్తే చాలు, పరిగెత్తుకుంటూ వచ్చేసేది.

తనను తాను కాపాడుకోవడానికి పిల్ల ఏది నేర్చుకోవాలన్న మాట వచ్చింది ఉద్యోగం ఖాయమైన రోజున. దానికి హాలు పై అంతస్తులో నేర్పే ఎత్తు తన్నులంటే ఇష్టం. తెల్లబట్టలు, రంగు బెల్టులు, కాలు తలదాకా లేచి గాల్లో నిలబడటం. అతను మొదట బాక్సింగ్ అన్నాడు. మర్నాడు జూడో అన్నాడు. ఆ మర్నాడు నిద్రలేని కళ్లతో, కుస్తీ అయితే నయమేమో అన్నాడు.

"ఏంటి నాన్నా, చీరల కొట్టుకొచ్చావా?" అని నవ్వింది.

చివరికి ఇద్దరూ హాల్లో నేర్పే టీచరమ్మ దగ్గరికి వెళ్లి, ఆ సందు సంగతి, గేటు సంగతి చెప్పారు. ఆవిడ ఒకప్పుడు కుస్తీ పట్టిన మనిషి. చెవులు నలిగి, ఉబ్బి, ముడుచుకుపోయి ఉంటాయి.

"ఎన్నాళ్లుంది నీకు?"

"నెలే."

"నెలలో బెల్టు రాదు. మనిషిని పడగొట్టడమూ రాదు. వస్తుందని ఎవరన్నా చెప్తే వాళ్ల దగ్గరికి పోకు. పైన నేర్పే తన్నులు మంచివే, కానీ ఏళ్లు పడతాయి. భుజాన సంచీ, కాళ్లకు చెప్పులు, ఒళ్లంతా భయం. అప్పుడు ఆ కాలు లేవదమ్మా. అక్కడ కుదురుకున్నాక కుస్తీయో జూడోయో పట్టు. ఎదుటి మనిషి బరువు ఒంటికి అలవాటవుతుంది. ఇప్పటికి మాత్రం అరవడం, విడిపించుకోవడం, పరిగెత్తడం."

"ఇంతేనా?"

"ఆ గేటు ఏ రంగన్నావు?"

"ఆకుపచ్చ."

"అందులోకి వెళ్లిపడితే నువ్వు గెలిచినట్టు. వాడు కిందపడ్డాడా, నిలబడి నవ్వుతున్నాడా, నీకనవసరం."

ఆ మాటతో అతనికి కాస్త ఊపిరాడింది. హాలుకు వచ్చేవాళ్లలో బట్టల కొట్లో పనిచేసే పిల్ల ఒకతి తన సంగతి చెప్పేదాకా అలాగే ఉంది. దారిలో ఎవడో ఆమె చెయ్యి పట్టుకున్నాడట. ఇక్కడ నేర్పినట్టే తిప్పి లాగేసిందట. ఆ తర్వాత, ఇక్కడ చేసినట్టే, ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ పట్టుకోమన్నట్టు చెయ్యి చాపి నిలబడిందట.

"వాడే తికమకపడి వెళ్లిపోయాడు బాబాయ్."

హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. అతనూ నవ్వాడు. ఇంటికి వెళ్లాక అన్నం సహించలేదు. నిజమే, ఈ హాల్లో అందరూ అంతే. విడిపించుకోవడం, నవ్వడం, 'మళ్లీ పట్టుకో బాబాయ్' అని చెయ్యి తిరిగి ఇవ్వడం. ఇన్నేళ్లలో ఆ సంగతి అతనికే తట్టలేదు.

తుడవడం అయ్యేసరికి అందరూ వచ్చారు. కూతురు జుట్టు ముడి వేసుకుని, మిగిలిన నల్ల రబ్బరుబ్యాండు ఎప్పటిలాగే కుడి మణికట్టుకు తొడుక్కుంది. అతను వెనకనుంచి వచ్చి పట్టుకున్నాడు. వేళ్ల కింద బ్యాండు, దాని పక్కన నాడి కొట్టుకోవడం తెలిశాయి. ఆమె తిప్పి లాగింది. చెయ్యి వచ్చేసింది.

"నొప్పేసిందా నాన్నా?" అంటూ ఆగిపోయింది. చెయ్యి చాపే ఉంది.

"ఏంటన్నా ఆ పట్టు?" అంది టీచరమ్మ. "పూలదండ పట్టుకున్నట్టు పట్టుకుంటే దానికేం వస్తుంది? అమ్మాయ్, తలుపుదాకా పరిగెత్తు. ఆగకు."

మళ్లీ పట్టుకున్నాడు. విడిపించుకుని తలుపుదాకా పరిగెత్తింది. తలుపు తాకి వెనక్కి వచ్చింది. మళ్లీ పరిగెత్తింది, మళ్లీ వచ్చింది. రాక ఏం చేస్తుంది? ఇంకోసారి చేయాలంటే రావాలి. వెళ్లి రాకుండా ఉండటం ఈ హాల్లో నేర్పడానికి కుదరదు.

సాయంత్రం బస్టాండులో జనం పల్చగా ఉన్నారు. పెట్టె బస్సు డిక్కీలో పెట్టించాడు. నీళ్ల సీసా ఇచ్చాడు. ఫోన్ చెయ్యమన్నాడు, అన్నం మానొద్దన్నాడు, మళ్లీ ఫోన్ చెయ్యమన్నాడు.

"ఎక్కుతా నాన్నా," అంది. ఎక్కలేదు. కళ్లు తడిగా ఉన్నాయి. "పోనీ, ఇంకో వారం ఉండి వెళ్లనా? వాళ్లు ఒప్పుకుంటారేమో."

ఉండమనడానికి అతని నోరు తెరుచుకుంది కూడా. గోడ కనిపించింది. ఆకుపచ్చ గేటు కనిపించింది. చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఏ పిల్లనూ అంత గట్టిగా పట్టుకోలేదు. బొటనవేలి కణుపులో మంట భుజందాకా పాకింది.

ఆమె ముఖం కోపంగా మారింది. తర్వాత ఆమెకు అర్థమైంది. పెదవులు బిగించి లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. అతను వదల్లేదు.

"వదులు," అని అరిచింది, బస్టాండంతా తిరిగి చూసేలా. ఒళ్లంతా తిప్పి బొటనవేలివైపు లాగేసింది. చెయ్యి జారిపోయింది. పరిగెత్తింది. మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయింది.

వెనకనుంచి ఎవరో అతని చొక్కా కాలరు పట్టుకున్నారు. టీకొట్టావిడ.

"ఎవరయ్యా నువ్వు? ఆ పిల్లనేం చేశావ్?"

"మా అమ్మాయేనమ్మా."

"మీ అమ్మాయైతే ఎందుకలా పారిపోతుంది?"

"అలాగే పారిపోవాలమ్మా," అన్నాడు. చూపు బస్సు మీదే ఉంది. ఆవిడకేం అర్థమైందో, కాలరు వదిలేసి, నలిగినచోట అరచేత్తో సర్దింది.

బస్సు కదిలింది. కిటికీలో ఆమె ముడి కనిపించింది, మెడ వెనక భాగం కనిపించింది. ఒక్కసారి తిరుగుతుందేమో అనుకున్నాడు. తిరగకూడదనీ అనుకున్నాడు. మలుపుదాకా చూశాడు. ఆమె తిరగలేదు.

పిడికిలి ఇంకా బిగించే ఉంది. బొటనవేలు మాట వినలేదు. రెండో చేత్తో ఒక్కొక్క వేలే విప్పుకున్నాడు. అరచేతిలో నల్ల రబ్బరుబ్యాండు, దాని అతుకులో చిక్కుకున్న పొడుగాటి వెంట్రుక, ఇంకా ఆరని చెమట.