నూకాలు అతికించిన రెక్క

ఆదివారం పొద్దున్నే దోసెల పెనం దించి, ఆ పొయ్యిగట్టు మీదే రెక్కకి ఇస్త్రీ చేశాను. చొక్కా రెక్క కాదు, విమానం రెక్క. దూదిలాంటి తేలిక చెక్కతో కట్టి, పైన ఎర్రటి ప్లాస్టిక్ కాగితం పరిచి, వేడి ఇస్త్రీపెట్టె రాస్తే బిగుసుకుని అతుక్కుంటుంది. చెక్క కోసేది నేను, గరుకు కాగితంతో రుద్దేది నేను, జిగురు పెట్టేది నేను. రిమోటు పట్టుకుని ఎగరేసేది మా ఆయన.

మూరెడు విమానం. స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగొచ్చి ఆయన చెప్పే కబుర్లు వింటే, అది కూర్మన్నపాలెంలో లేచి, భీమిలిలో చేపలు బేరమాడి, ఇక్కడ పులుసు మరిగేలోగా తిరిగొచ్చేస్తుంది. దాని వేగం చూసి కాకులు సెలవు పెట్టాయట. ఇంటికి మాత్రం ప్రతివారం సంచిలో, ముక్కలుగా వస్తుంది.

"నీ అతుకేనే, నూకాలూ. సెయ్యి నిలకడ లేదు నీకు," అంటారు ఆయన.

"ఉప్పు సరీగా ఎయ్యలేని సెయ్యి, రెక్కేటి అతుకుతాదిరా!" వంటింటి గుమ్మంలోంచి అత్త.

మొదట నమ్మాను. పప్పులో ఉప్పు వేసి రెండుసార్లు రుచి చూసుకునేంతగా నా చేతుల్నే అనుమానించాను. ఒకరోజు ముక్కలు ఏరుతుంటే అతుకు చెక్కుచెదరకుండా కనబడింది. విరిగింది పక్క చెక్క. మరుసటి వారమూ అంతే. ఆ పై వారమూ అంతే. అనుమానం ఈగలాంటిది, మన మీంచి తోలితే ఇంకొకరి మీద వాలుతుంది. నేనూ వస్తానంటే "మైదానానికి ఆడోళ్లెందుకు" అనే మాట కూడా అప్పుడే వాసన వేసింది.

అందుకే ఈ ఆదివారం టిఫిన్ కారియరు వంక పెట్టుకుని వెళ్లి, తుమ్మచెట్టు వెనక నిలబడ్డాను.

ఎగిరింది! నా రెక్కే, ఎండలో ఎర్రగా. దూరంగా పోయినంతసేపూ ఆయన రిమోటు మీది పుల్ల ఎటు నొక్కితే అటే ఒరిగింది. వెనక్కి మళ్లి ఆయన మీదికే వస్తూ ఆయనకి కుడిపక్కకి వాలింది. సరిచేద్దామని ఆయన ఎడమకి నొక్కారు. ఇంకా వాలింది. ఇంకా నొక్కారు. నేలలో పొడుచుకుంది.

ఎదురొచ్చేదాని కుడి మన ఎడమ. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి గాజులు తొడిగే ఏ తల్లికైనా తెలుసు.

"ఏటి బావా, మళ్లీనా?" అన్నాడు ఆయన స్నేహితుడు సన్యాసిరాజు.

"మా ఆడది అతికించింది బావా. ఏటి సేత్తాం!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కారియరుతో వెనక్కి వచ్చేశాను.

సాయంత్రం ఆయన ముక్కలూ జిగురూ తెచ్చి పొయ్యిగట్టు మీద పెట్టారు. "ఈసారైనా సరీగా అతుకు."

కుడిఎడమల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రెక్క తీసి ఆయన ఒళ్లో పెట్టాను.

"మీరే అతకండి. ఈపాలి పడితే సన్యాసిరాజుకి ఎవరి పేరు సెప్తారో, పక్కనే నిలబడి ఇంటాను."