వెనక సీట్లో బాపు

ఆ ఆదివారం సైదాబాద్ నుంచి కార్వాన్‌లోని అమ్మగారింటికి వెళ్తే, గల్లీ మొదట్లోనే నా కడుపు మండిపోయింది. ఇంటికి తిరిగొస్తున్న బాపు ఆటో నా పక్కన ఆగింది. హ్యాండిల్ పట్టుకున్నది మా చెల్లెలు సోనీ. వెనక సీట్లో కిరాయికెక్కిన సవారీలాగా కాలు మీద కాలేసుకుని మా బాపు భిక్షపతి. ఎన్నడూ ఎవరినీ ఆ ఆటో నడపనివ్వని మనిషి!

"అక్కా, ఎక్కు!" అని కేకేసింది సోనీ.

"నాకు కాళ్లున్నయ్," అన్నాను.

సోనీ నాకన్నా చాలా చిన్నది. ఆఫీసు వాళ్లతో అరకు పోయి వస్తుంది. వచ్చిన సంబంధాన్ని 'నచ్చలే' అని ఒక్క మాటతో పంపించేస్తుంది. దాని వయసుకు నా చంకలో పిల్లవాడున్నాడు. ఈ కాలం పిల్లలకు స్వేచ్ఛ మరీ ఎక్కువైందని నేను కనబడ్డవాళ్లందరితో అంటుంటాను. మా ఆయన జగదీశ్వర్ నిజమే, నిజమే అని తలూపుతాడు. నిజం చెప్పాలంటే, ఎక్కువైందని కాదు నా ఏడుపు. నాకు రాలేదని.

అరకు పోతే పోనీ, ఆటో మాత్రం నాది. ఇంటర్ చదివేటప్పుడు ఎండాకాలం సెలవులన్నీ దాన్ని కడిగి, తుడిచి, "నాక్కూడ నేర్పు బాపూ" అని అడిగాను. "ఆడపిల్ల ఆటో నడిపితే బస్తీల ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు. అంతటితో సరి.

ఇంట్లోకి వెళ్లి కూర్చోగానే అమ్మ చాయ్ ఇచ్చింది. బాపు ముఖం వెలిగిపోతోంది.

"పురానాపూల్ దాంక పోయొచ్చినం. ఇంజన్ ఒక్కపారి గూడ బంద్ గాలే. మస్తు హుషారు పోరి," అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. "దాన్ని జర అదుపుల పెట్టు బాపూ. రేపు ఏమన్న అయితే? నన్నయితే హ్యాండిల్ గూడ ముట్టనియ్యకపోతివి!"

బాపు తల గోక్కున్నాడు. "నేనేడ నేర్పిన బిడ్డా? నేను పండుకున్నప్పుడు తాళం తీస్కపోయింది. తిట్టిన. తెల్లారి మళ్ల తీసింది. ఓ దెబ్బ గూడ ఏసిన. మళ్ల తీసింది. ఇగ యాడన్న గుద్దుకుంటదని ఫికరై, ఎనక కూసున్న."

"నేను గూడ అడిగిన గద?"

"అడిగినవ్. వద్దన్న. ఊకున్నవ్." పొగుడుతున్నట్టే అన్నాడు. "నువ్వు మంచిదానివి బిడ్డా. మాట ఇంటవ్."

ఇన్నాళ్లూ దానికిచ్చి నాకివ్వలేదని కుళ్లుకున్నాను. ఆయన దానికీ ఏమీ ఇవ్వలేదట! ఆ సంగతి తెలిశాక మంట ఇంకా పెరిగింది. లేచి, గోడకున్న మేకు నుంచి తాళం తీశాను.

"నేను నడుపుత. సోనీ, నువ్వు చూపెట్టు."

సోనీ ఈల వేసి చెప్పులు తొడుక్కుంది. "చలో అక్కా!" అంటూ బయటికి పరిగెత్తింది.

"ఏందే మున్నీ, గిప్పుడేంది నీకు గీ లొల్లి?" అన్నాడు బాపు చాయ్ ఊదుకుంటూ. "అల్లుడేమనుకుంటడు? వద్దు బిడ్డా."

ఆటో పక్కన నిలబడి సోనీ చెయ్యి చాపింది. "ఏంది, గట్ల నిలబడ్డవ్? తాళమేది?"

తాళం మేకుకే ఉంది. బాపు రెండోసారి చెప్పకముందే నేనే తగిలించేశాను.