వరసైన మొగుడు

శశిధర్ మా అమ్మకు సొంత తమ్ముడు, నాకు మొగుడు. పెళ్ళయినా నేను మావయ్యా అనే పిలుస్తాను. మా తణుకులో ఈ సంగతి చెబితే, అదృష్టవంతురాలివి, పరాయింటికి పోలేదు అంటారు. కాపురానికొచ్చిన గురుగ్రామ్‌లో ఆ తమ్ముడనే మొదటి ముక్క మింగెయ్యాలని నాకెవరూ చెప్పలేదు.

అమ్మ మా ఫ్లాటుకు వచ్చినప్పుడు బయటపడింది. ఎదురింటి ప్రీతి టీకి వచ్చి కూర్చుంది. రోహ్‌తక్ వైపు పల్లెటూరి పిల్ల. తన ఊళ్ళో ప్రతి మగపిల్లాడూ తనకు అన్నో తమ్ముడో అవుతాడట. మావయ్య అమ్మను అక్కా అని పిలవడం విని, అక్కా అంటే దీదీయేగా, అత్తగారిని దీదీ అంటాడేమిటి అని అడిగింది. అమ్మ వచ్చీరాని హిందీలో, ఎంతో గర్వంగా, వీడు నా తమ్ముడే అని చెప్పింది. ప్రీతి కప్పు కింద పెట్టేసింది. ఆ తర్వాత మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆమె భర్తది మావయ్య ఆఫీసే. వారం తిరక్కుండా లంచ్ దగ్గర అందరూ ఈయన్ని ‘మామాజీ’, అంటే మేనమామగారూ, అనడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చి ముందు నడుం నొప్పి అన్నాడు, తర్వాత అమెరికా కాల్స్ అన్నాడు, దిండు పట్టుకుని రెండో గదిలోకి పోయాడు. సిగ్గు విడిచి నేనే చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది. నాకు నా మొగుడు కావాలి, ఇందులో దాచుకోవడానికేముంది?

ఆదివారం పొద్దున అడిగేశాను. కాఫీ కప్పు పక్కన పెట్టి అన్నాడు:

“చిన్నప్పుడు నిన్ను భుజాలమీద తిప్పినవాణ్ణి భానూ. వాళ్ళు అలా అన్న దగ్గర్నుంచీ నిన్ను ముట్టుకోబోతే అదే గుర్తొస్తోంది. తప్పనిపిస్తోంది.”

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. డిగ్రీ అయిన ఏడు, ముహూర్తం పెడుతుంటే, సరిగ్గా ఈ మాట నేనన్నాను. ఎత్తుకుని తిప్పినవాడి పక్కన ఎలా పడుకోనమ్మా అని. అమ్మ చెంప పగలగొట్టింది. వరసైనవాడే, మనలో ఉన్నదే, అదే అలవాటవుతుంది అంది. ఈయన అక్కడే కూర్చుని వక్కపొడి నములుతూ నవ్వాడు.

“ఆ రోజు నా మాట ఒక్కరూ వినలేదు మావయ్యా. నీమీద ఇష్టం తెచ్చుకోడానికి నాకు ఏళ్ళు పట్టింది. అది నీకు పోడానికి నలుగురు మగాళ్ళ నవ్వు చాలింది.”

కాస్త మెల్లిగా మాట్లాడు, వీధి తలుపు తీసే ఉంది అన్నాడు.