పోయొచ్చేవాళ్ళ విమానం

రాజధాని హైదరాబాదుకు తరలిపోయినప్పుడు మా కర్నూలు ఏడ్చిన మాట నిజమే. కానీ విమానాశ్రయం పోయినందుకు ఏడ్చినంతగా ఏడవలేదు. రాజధాని ఉన్నన్నాళ్ళూ సగం గుడారాల్లోనే గడిపింది, దాన్ని తలచుకుని మురిసిపోవడానికి ఏముంది? విమానాశ్రయానికైతే రేకుల కప్పు, బేతంచెర్ల బండల నేల, గోడ గడియారం, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డసంచి, అన్నీ ఉండేవి. ఇప్పటికీ సాయంత్రమైతే మా ఊరి పెద్దలు ఆ బండల మీద చేరి "ఆ కాలమే వేరప్పా" అని నిట్టూరుస్తుంటారు. అది వినీ వినీ ఒళ్ళు మండి ఈ కథ రాస్తున్నాను.

యాభై నాలుగులో మద్రాసు షావుకారు ఒకాయన తుంగభద్రా ఎయిర్ సర్వీసు అని కంపెనీ పెట్టాడు. ఉన్నది ఒకే విమానం. పొద్దున మద్రాసు నుంచి వచ్చి, సాయంత్రం తిరిగి పోయేది. మిషను బడిలో లెక్కలు చెప్పే దావీదురాజును పిలిచి విమానాశ్రయం అప్పజెప్పారు. ఆయన పర్మినెంటు ఉద్యోగం వదిలేసి, తెల్లప్యాంటు కుట్టించుకున్నాడు. "నేల మీది జీతం ఇడిసిపెట్టి గాల్లో జీతానికి పోతాండావే" అని భార్య విశ్వాసమ్మ మొత్తుకుంది. ఆయన వినలేదు. ఆయనకు విమానమంటే ప్రాణం.

ఊరికీ ప్రాణమే. సాయంత్రమైతే సంతకు వచ్చినట్టు జనం వచ్చేవారు. బొరుగులు, మిరపకాయ బజ్జీలు అమ్ముడుపోయేవి. టికెట్లే అమ్ముడుపోయేవి కావు. కొనేది ఆఫీసర్లూ, మద్రాసు నుంచి అసెంబ్లీ పని మీద వచ్చేవాళ్ళూ. మావాళ్ళు విమానానికి టాటా చెప్పి, ఎద్దులబండెక్కి ఇంటికి పోయేవారు.

చివరికి కంపెనీ మేనేజరు దావీదురాజుకు ఒక మాట తేల్చి చెప్పాడు. "ఊరి పెద్దలు పద్నాలుగు మందిని ఉచితంగా మద్రాసు తీసుకెళ్తాం. రుచి మరిగితే తిరుగు ప్రయాణం నుంచీ వాళ్ళే టికెట్లు కొంటారు. ఆ రోజు సీట్లు ఖాళీగా ఉన్నాయంటే సర్వీసు ఆగిపోతుంది. మీ ఉద్యోగమూ అంతే."

దావీదురాజు ఇల్లిల్లూ తిరిగాడు. ఉచితమనేసరికి పద్నాలుగుమందీ ఇట్టే దొరికారు. వాళ్ళకు పెద్ద, వేరుశనగ మిల్లు బొజ్జన్న. ఆయన పక్కన అత్తరు వ్యాపారి వలి సాహెబు. ఆ సాయంత్రం ఇద్దరూ కొత్త తలపాగాలతో వచ్చారు. వెనకాల పెళ్ళికి తరలినట్టు చుట్టాలంతా. మేనేజరు గడియారం చూసుకుంటూ విమానం నీడలో నిలబడ్డాడు.

మైకులో ఏం చదవాలో మద్రాసు ఆఫీసువాళ్ళే తెలుగులో రాయించి పంపారు. దావీదురాజు గొంతు సవరించుకుని చదివాడు.

"మద్రాసు పోవువారికి ఇదే కడసారి పిలుపు. పోవువారందరూ వెంటనే బయలుదేరవలెను."

బొజ్జన్న తల్లి గురమ్మ "నాయనా!" అని కొడుకు చొక్కా పట్టుకుని ఏడుపందుకుంది. మా సీమలో సంతకు బయలుదేరేవాడైనా 'పోతా' అనడు. 'పోయొస్తా' అంటాడు. 'పోయేవాళ్ళు' అంటే కాటికి పోయేవాళ్ళే. పైగా ఎక్కబోయేది విమానం. పైగా కడసారి పిలుపు!

"మా యింట్లో పోయేటోళ్ళు ఎవురూ లేరప్పా" అన్నాడు బొజ్జన్న, బెంచీని గట్టిగా పట్టుకుని. "వలి సాహెబూ, నువ్వు పోతావేమో పో."

"తౌబా తౌబా! మీరు పెద్దోళ్ళు, ముందు మీరు పోండి" అన్నాడు వలి సాహెబు.

దావీదురాజు మరోసారి చదివాడు. ఉన్నవాళ్ళలో ముగ్గురు లేచి ఊరివైపు నడక మొదలుపెట్టారు. విమానం పంకాలు తిరుగుతున్నాయి. మేనేజరు చెయ్యెత్తి, తలుపు మూసేయమని సైగ చేయబోతున్నాడు. దావీదురాజుకు ముచ్చెమటలు పట్టాయి. కాగితం నలిపి పారేసి, మైకు నోటికి ఆనించుకుని అరిచాడు.

"మద్రాసుకు పోయొచ్చేటోళ్ళంతా రాండప్పా! పోయొచ్చేటోళ్ళు!"

అంతే. ఊరివైపు నడిచినవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. నిచ్చెన దగ్గర తోపులాటలో వలి సాహెబు తలపాగా ఊడిపోయింది. విమానం నిండా జనంతో లేచింది. మేనేజరు దావీదురాజు చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ రాత్రి విశ్వాసమ్మ పాయసం కాచిందట. పాపం, ఆ పాయసం అరిగేదాకైనా సంతోషం నిలవలేదు.

తెల్లవారి మద్రాసులో, కర్నూలు విమానం తలుపు తెరవగానే మా పద్నాలుగుమందీ వెళ్ళి సీట్లలో కూర్చున్నారు. వాళ్ళ ఒళ్ళో సముద్రపు గవ్వలు, ప్లాస్టిక్ బొమ్మలు. కంపెనీవాళ్ళు టికెట్లు అడిగారు.

"టికెట్టేంది?" అన్నాడు బొజ్జన్న. "మీ మాస్టరు మైకులో ఏమన్యాడు? పోయొచ్చేటోళ్ళు అన్యాడా లేదా? పోయినాం. ఇంగ వచ్చేది బాకీ ఉండాది."

బతిమాలారు, బెదిరించారు. మావాళ్ళు బండరాళ్ళలా కదల్లేదు. డబ్బిచ్చి టికెట్టు కొన్న ఆఫీసర్లు కిందే నిలబడిపోయారు. వాళ్ళలో ఒకాయన పై అధికారులకు ఫిర్యాదు రాశాడు. అప్పటికే కాళ్ళీడుస్తున్న కంపెనీ ఆ నెలలోనే మూతపడింది. దావీదురాజుకు ఉద్యోగం లేదని తంతి వచ్చింది. బడికి పోయి అడిగితే ఆయన కుర్చీలో వేరే అయ్యవారున్నాడు.

ఆ పద్నాలుగుమందికి మాత్రం ఊళ్ళో వైభోగం పట్టింది. పెళ్ళిళ్ళలో మొదటి వరుస వాళ్ళదే. విమానం ఎక్కిన దొరలు కదా! విమానాశ్రయం షెడ్డును బొజ్జన్న బాడుగకు తీసుకుని వేరుశనగ గోదాము చేశాడు. మూటలు తూచి కుట్టే పని దావీదురాజుకే ఇచ్చాడు. దీన్ని ఊరంతా ధర్మగుణమని పొగిడింది.

మొన్నొక సాయంత్రం బొజ్జన్న మూటల మీద కూర్చుని ఎప్పటి పాటే ఎత్తుకున్నాడు. "మన ఇమానాన్ని ఎవురో పెరుక్కపోయినారప్పా. మన సీమ అంటే అందరికీ అలుసు."

పక్కనే మూట కుడుతున్న దావీదురాజు దబ్బనం ఆపాడు. విమానం పోయిన ఈ నాలుగేళ్ళలో దాని గురించి ఆయన నోరు విప్పడం నేను చూడలేదు.

"బొజ్జన్నా, అది నడిచినన్నాళ్ళు మీలో ఎవురన్నా ఒక్క టికెట్టు కొన్యారా?"

బొజ్జన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మనూరి ఇమానానికి మనం దుడ్లిచ్చేదేంది మాస్టరూ? దేవర తేరుకు ఎవురన్నా టికెట్టు కొంటారా?"

అందరూ అవునవునన్నారు.

"నా ఉద్యోగం పోయింది గదన్నా" అన్నాడు దావీదురాజు. ఆ గొంతు విని నేను తల దించుకున్నాను.

బొజ్జన్న లేచి వచ్చి, ఎంతో ప్రేమగా ఆయన భుజం తట్టాడు.

"యాడికి పోయింది మాస్టరూ? మేమంతా ఇమానాశ్రయం పోగొట్టుకున్యాం. నువ్వొక్కడివే గదా, ఇప్పటికీ ఇమానాశ్రయంలో పని చేస్తాండేది!"